హైదరాబాద్‌లో ఉంటూ బ్రిటిష్ నాణేలు, వలస దేశాల నాణేలు సేకరించడం ఎలా?

దీపావళి నాడు లక్ష్మీపూజలో పెట్టే పాత వెండి రూపాయి మీ ఇంట్లో ఉంటే, ఈసారి పసుపు కుంకుమ పెట్టేముందు దాని మీద అక్షరాలు ఒకసారి చదవండి. ఏ రాజు బొమ్మ ఉంది, ఏ సంవత్సరం, వెనక ఏముంది? ఈ మూడూ చెప్పగలిగితే సేకరణ మొదలైనట్టే. మొదటి నాణెం కోసం కోఠీ దాకా వెళ్లక్కర్లేదు.

ఇది బ్రిటన్ నాణేలూ, ఆ దేశం ఏలిన భారత్, సిలోన్, మలయా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా ప్రాంతాల నాణేలూ పోగుచేయాలనుకునే కొత్తవాళ్ల కోసం. నా సలహా మొత్తం ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: ముందు చిల్లర కొనండి, చదవడం నేర్చుకోండి, వెండి జోలికి తర్వాత వెళ్లండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. తొలి నెలలోనే విక్టోరియా రూపాయలు నాలుగు కొని, అందులో రెండు నకిలీవని ఏడాది తర్వాత తెలుసుకుంటారు.

1. ఇంట్లో ఉన్నవి విడగొట్టండి

హైదరాబాద్ పాత ఇళ్లలో దొరికే డబ్బు ఒకే ఖజానాది కాదు. నిజాం రాజ్యానికి సొంత నాణేలు ఉండేవి. ఊళ్లో సామాన్లకు హాలీ సిక్కా, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనూ రాజ్యం బయటి వ్యాపారానికీ బ్రిటిష్ ఇండియా రూపాయి. దాన్నే మన పెద్దవాళ్లు కల్దారు అనేవారు. మారకం రేటు 100 కల్దార్లకు 116 పైచిలుకు హాలీ రూపాయలు. అందుకే తాతల కాలం నాటి డబ్బా తెరిస్తే రెండూ కలిసే ఉంటాయి.

గుర్తుపట్టడం తేలిక. చార్మినార్ బొమ్మ, ఉర్దూ లిపి ఉంటే నిజాంవి. మీర్ మహబూబ్ అలీఖాన్ నాణెంలో చార్మినార్ ద్వారంలో ‘మీమ్’ అక్షరం ఉంటుంది, మీర్ ఉస్మాన్ అలీఖాన్ నాణెంలో ‘ఐన్’. రాజు లేదా రాణి తల, చుట్టూ ఇంగ్లిష్ అక్షరాలు ఉంటే కల్దారు. నిజాం నాణేలు వేరే సేకరణ, దానికి వేరే చదువు కావాలి. వాటిని అమ్మేయకుండా పక్కన పెట్టుకోండి, అంతే.

2. పాత లెక్క వంటబట్టించుకోండి

రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, 12 పైలు. అంటే రూపాయికి 64 పైసలు, 192 పైలు. మన భాషలో కాణీ అంటే పావు అణా, బేడ అంటే 2 అణాలు, పావలా అంటే 4 అణాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేవరకు ఇదే నడిచింది.

బ్రిటన్‌లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, మొత్తం 240. ఫార్దింగ్ అంటే పావు పెన్నీ. హాఫ్ క్రౌన్ అంటే రెండున్నర షిల్లింగులు. వాళ్లు దశాంశ పద్ధతికి మారింది 1971 ఫిబ్రవరి 15న. దక్షిణాఫ్రికా 1961లో, ఆస్ట్రేలియా 1966లో, న్యూజిలాండ్ 1967లో మారాయి. ఈ తేదీలు తెలిస్తే, చేతిలో ఉన్న నాణెం పాత పద్ధతిదా కొత్తదా అన్నది క్షణంలో తేలిపోతుంది.

3. హద్దు గీసుకోండి

బ్రిటన్ ఏలిన దేశాలన్నింటి నాణేలూ కొంటానంటే జీవితం చాలదు, జీతం అసలే చాలదు. ఒక హద్దు కావాలి.

రాజుకొక నాణెం అన్నది అందరూ ఎంచుకునేది. 1835 నుంచి ఇప్పటి చార్లెస్ వరకు ఒక్కొక్కరిది ఒక్కోటి. ఇందులో ఎడ్వర్డ్ 8 దగ్గర అందరూ ఆగిపోతారు. 1936లో ఏడాది కూడా నిండకుండా గద్దె దిగినవాడు. ఆయన తల ఉన్న నాణేలు బ్రిటన్‌లోగానీ ఇండియాలోగానీ చలామణీలోకి రాలేదు. కానీ తూర్పు ఆఫ్రికా, పశ్చిమ ఆఫ్రికా, ఫిజీల కోసం 1936లో కొట్టిన చిల్లు నాణేలు ఉన్నాయి. మధ్యలో చిల్లు కాబట్టి తల ఎలాగూ ఉండదు, చుట్టూ ఆయన పేరు మాత్రం ఉంటుంది. వేలం పాటలకు వెళ్లకుండానే ఆ ఖాళీ నింపే తేలిక దారి ఇదే.

తెలుగువాళ్లు పనికి వెళ్లిన దేశాలు ఇంకో హద్దు. మారిషస్, ఫిజీ, మలయా, దక్షిణాఫ్రికా. మలయాలో 1939 నుంచి వచ్చిన చదరపు సెంటు పిల్లలకు వెంటనే నచ్చుతుంది. బర్మాకు మాత్రం విడిగా నాణేలు వెతక్కండి, రంగూన్ వెళ్లిన మనవాళ్ల చేతుల్లో తిరిగింది మన రూపాయే.

నాకు బాగా నచ్చేది మూడోది: మన టంకశాలల్లో పుట్టి పరాయి దేశంలో తిరిగిన నాణేలు. 1916 నుంచి 1918 వరకు ఆస్ట్రేలియా పెన్నీలు కలకత్తాలో కొట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942, 1943లలో బొంబాయి కొట్టింది. వాటి మీద చిన్న ‘ఐ’ అక్షరం ఉంటుంది, ఇండియాకు గుర్తుగా. సిలోన్ రాగి సెంట్లు కలకత్తా నుంచే వెళ్లాయి. తూర్పు ఆసియా వ్యాపారం కోసం 1895 నుంచి బొంబాయిలో కొట్టిన ట్రేడ్ డాలర్ మీద బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా గీసే స్త్రీమూర్తి) చేతిలోని త్రిశూలం నడిమి మొనలో ‘బి’ కనిపిస్తుంది. ట్రేడ్ డాలర్ ఖరీదైనది, నకిలీలూ ఎక్కువే, దాన్ని చివరికి ఉంచుకోండి. మిగతావి మాత్రం ఓపిక ఉంటే మామూలు జీతగాడికీ అందుతాయి.

4. నాణెం చదవడం నేర్చుకోండి

అసలు సరదా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను.

ఈస్టిండియా కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రకం రూపాయి 1835లో వచ్చింది. 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత లెక్కలో తులం. వందకు 91.7 పాళ్లు వెండి. మొదటిది విలియం 4 బొమ్మతో. ఆయన పేరు పక్కన అంకెను నాలుగు నిలువు గీతలుగా వేశారు. చూసి నకిలీ అనుకోకండి, అసలుదే అలా ఉంటుంది. 1840 నుంచి విక్టోరియా. ఇందులో రెండు రకాలు: తల చుట్టూ అక్షరాలు ఆగకుండా తిరిగేది, తలకు అటూ ఇటూ విడిపోయి ఉండేది. రెండింటి మీదా 1840 అనే ఉంటుంది. కంపెనీ కాలంలో తేదీ ఏళ్ల తరబడి మారదు, కాబట్టి ఆ తేదీని ముద్రించిన ఏడాదిగా నమ్మకూడదు.

1862 నుంచి కంపెనీ పేరు పోయి ఇండియా అని వచ్చింది. ఇక్కడా అదే తంతు, 1862 అన్న తేదీనే 1870ల దాకా లాగించారు. ఏ ఏడాదిదో తెలియడానికి వెనక పక్క చిన్న చుక్కలు పెట్టారు. భూతద్దంతో ఆ చుక్కలు లెక్కపెట్టి రకాలు పోగుచేసేవాళ్లు ఉన్నారు. అదో పిచ్చి, తగులుకుంటే వదలదు. 1876 వరకు ‘క్వీన్’, 1877 నుంచి ‘ఎంప్రెస్’. అమ్మేవాళ్లు ఫోన్‌లో కూడా ‘క్వీన్ రూపాయి’, ‘ఎంప్రెస్ రూపాయి’ అనే అంటారు.

ఎడ్వర్డ్ 7 వెండి రూపాయి (1903–1910) మీద కిరీటం లేని బట్టతల. జార్జి 5 మొదటి రూపాయి, 1911ది, పెద్ద రచ్చ చేసింది. రాజు అంగీ మీద గొలుసులో చెక్కిన ఏనుగుకు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించింది. జనం తప్పుపట్టడంతో ప్రభుత్వం వాటిని ఆపేసి, చాలాభాగం కరిగించి, 1912 నుంచి ఏనుగును సరిదిద్దింది. ‘పిగ్ రూపీ’ అని దానికి పేరు పడింది. 1911ది, 1912ది పక్కపక్కన పెట్టి భుజం దగ్గర భూతద్దంతో చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

జార్జి 6 దగ్గర వెండి తగ్గింది. 1940 నుంచి సగం పాళ్లే. గుర్తు అంచులో ఉంది: మామూలు గాట్ల మధ్య ఒక గాడి నడుస్తుంది. 1946లో అర్ధరూపాయి, పావలా నికెల్‌కి మారాయి, 1947లో రూపాయి కూడా. వెనక పులి బొమ్మ. రాగి కొరతలో 1943 నుంచి వచ్చిందే చిల్లుకాణీ. పిల్లలకు మొదటి నాణెంగా ఇవ్వడానికి అంతకంటే మంచిది లేదు, దొరకడమూ తేలికే.

టంకశాల గుర్తులు కూడా చూసుకోండి. సాధారణంగా కలకత్తాకు గుర్తు ఉండదు. బొంబాయికి కాలాన్నిబట్టి ‘బి’ అక్షరమో, చిన్న చుక్కో, వజ్రం ఆకారమో. లాహోర్‌కు ‘ఎల్’.

బ్రిటన్ నాణేలకు ఒక చిన్న కిటుకు. 1919 వరకు వెండి 92.5 పాళ్లు, 1920 నుంచి 1946 వరకు సగం, 1947 నుంచి వెండే లేదు. తల చుట్టూ పొడి అక్షరాల్లో ‘ఐఎన్‌డి ఐఎంపి’ అని ఉంటే ‘భారత చక్రవర్తి’ అని అర్థం. మనకు స్వాతంత్ర్యం వచ్చాక 1949 నాణేల నుంచి దాన్ని తీసేశారు. 1948 పెన్నీ, 1949 పెన్నీ రెండూ తెచ్చి పక్కపక్కన పెడితే పిల్లలకు చరిత్ర పాఠం వేరే చెప్పనక్కర్లేదు.

5. సామాను, తూకం, నీళ్ల పరీక్ష

కావలసినవి నాలుగే: 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, 0.01 గ్రాము వరకు చూపే డిజిటల్ కాటా, అయస్కాంతం, స్కేలు. కంసాలి కాటా లాంటిది ఆన్‌లైన్‌లో తక్కువకే వస్తుంది.

అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదు. అంటుకోనంత మాత్రాన వెండీ కాదు, ఇత్తడి కూడా అంటుకోదు. (1947 నికెల్ రూపాయి అంటుకుంటుంది, కంగారుపడకండి.) తూకంలో రూపాయి 11.66, అర్ధరూపాయి 5.83, పావలా 2.92, బేడ 1.46. అరిగిన రూపాయి 11.4, 11.5 చూపినా ఫర్వాలేదు. 10.8 వస్తే అనుమానించండి. రాగి కాణీ 6.48 గ్రాములు ఉండేది, 1906లో కంచుకి మారినప్పుడు 4.86కి తగ్గింది. బరువు పావు వంతు తగ్గిందని గాబరాపడి పాపం మంచి కాణీలు పారేసేవాళ్లను చూశాను.

నకిలీ చేసేవాళ్లు కూడా కాటా కొనుక్కుంటారు కాబట్టి తూకం ఒక్కటే చాలదు. అందుకే నీళ్ల పరీక్ష. కాటా మీద గ్లాసులో నీళ్లు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా, పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయండి. గాలి బుడగలు అంటుకుంటే మెల్లగా కదిపి పోగొట్టండి. అప్పుడు కాటా చూపే అంకె రాసుకోండి. నాణెం మామూలు బరువును ఆ అంకెతో భాగించండి. 91.7 పాళ్ల వెండికి 10.3 దగ్గర వస్తుంది, అంటే పూర్తి బరువున్న రూపాయికి కాటా 1.13 చూపాలి. సగం వెండి ఉన్న జార్జి 6 రూపాయికి 1.22 దాకా వస్తుంది. 1.3 దాటితే రాగి మీద పూతో, ఇత్తడో అయి ఉంటుంది. చెయ్యి వణికితే అంకె ఆడుతుంది, రెండు మూడుసార్లు చూడండి.

కొందరు దుకాణదారులు నాణేన్ని రాయి మీద వేసి ఠంగుమని మోగిస్తారు. మీ నాణెం మీద ఆ పని చేయనివ్వకండి, అంచు సొట్టపడితే విలువ పోతుంది.

6. మోసాలు

మన దగ్గర అన్నింటికంటే ఎక్కువ కనిపించేది ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని రాసి, హనుమంతుడో, రామపట్టాభిషేకమో, లక్ష్మీదేవో ఉన్న రాగి బిళ్ల. ఒక్కోసారి 1616, 1717 అని కూడా ఉంటుంది. పక్కన ‘యూకేఎల్ వన్ అణా’ అనో ‘హాఫ్ అణా’ అనో రాత. కంపెనీ ఇలాంటి నాణేలు ఎప్పుడూ ముద్రించలేదు. ఇవి తర్వాతి కాలంలో చేసి అమ్మిన బిళ్లలు. పూజలో పెట్టుకుంటే పెట్టుకోండి, సేకరణలోకి రావు.

ఇవే బిళ్లలు చూపించి బియ్యపు గింజలను లాగుతుందని, విదేశీ కంపెనీలు కోట్లు ఇస్తాయని చెప్పే ‘రైస్ పుల్లింగ్’ ముఠాలు రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడ్డాయి. చదువుకున్నవాళ్లే లక్షలు పోగొట్టుకున్నారు. ఇంకో రకం ఫోన్‌లో వస్తుంది: మీ పాత 5 రూపాయల నాణేనికి లక్షలు ఇస్తామని, ముందు పన్ను కట్టమని. తాము ఇలాంటి కొనుగోళ్లు చేయమని, తమ పేరుతో ఎవరు కమిషన్ అడిగినా నమ్మొద్దని రిజర్వ్ బ్యాంక్ 2021లోనే ప్రకటించింది.

అసలు నాణెంలోనే చేసే మోసాలు ఇంకా సూక్ష్మం. 1939 వెండి రూపాయి చాలా అరుదు, అందుకని 1938లోని చివరి అంకెను గీకి 9 చేస్తారు. భూతద్దంలో ఆ అంకె చుట్టూ లోహం రంగు వేరుగా, నున్నగా కనిపిస్తుంది. నగల్లోంచి ఊడదీసినవి మరో రకం. రూపాయల దండలకు కొక్కేలు అతికించి, తర్వాత తీసేసినప్పుడు అంచు పైభాగంలో టంకం మచ్చ మిగిలిపోతుంది, దాన్ని రుద్ది నున్నగా చేస్తారు. అలాంటి నాణెం అసలుదే, వెండి విలువకు కొనుక్కోవచ్చు, అంతకు మించి ఇవ్వకండి.

7. ఎక్కడ కొనాలి, ఎంతకు కొనాలి

కొనేముందు చూడండి. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో, సాలార్‌జంగ్ మ్యూజియంలో అసలు నాణేలు ఉన్నాయి. సైఫాబాద్ పాత టంకశాల భవనంలో 2022లో నాణేల మ్యూజియం పెట్టారు. ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని వెళ్లండి. నాణెం ఎలా పుడుతుందో అర్థమైతే నకిలీ ఎక్కడ దొరికిపోతుందో కూడా అర్థమవుతుంది.

చార్మినార్ చుట్టుపక్కల గుడ్డ పరిచి అమ్మేవాళ్ల దగ్గర, గురువారం జుమ్మేరాత్ బజార్‌లో, ఆదివారం ఎర్రగడ్డ సంతలో తిరగండి. చిల్లర కుప్పల్లో చెయ్యిపెట్టి ఏరుకోవడానికి ఇవే చోట్లు. ఇక్కడ రాగి, కంచు, నికెల్ మాత్రమే కొనండి. వెండి కొనొద్దు. “భాయ్, అంచు ఒకసారి చూస్తా” అని కాటా, భూతద్దం బయటికి తీస్తే మంచి అమ్మకందారు ఏమీ అనుకోడు. మొహం చిట్లిస్తే ఆ నాణెం అక్కడే వదిలేయండి.

వెండికి రసీదు ఇచ్చే డీలరు దగ్గరికో, నగరంలో అప్పుడప్పుడు జరిగే నాణేల ప్రదర్శనలకో వెళ్లండి. ధర మాట్లాడే ముందు ఫోన్‌లో లెక్క వేసుకోండి: కంపెనీ కాలం నుంచి 1939 వరకు రూపాయిలో మేలిమి వెండి 10.69 గ్రాములు, 1940 నుంచి వచ్చిన సగం వెండి రూపాయిలో 5.83. ఆ రోజు గ్రాము వెండి ధరతో హెచ్చవేస్తే కింది గీత తెలుస్తుంది. బాగా అరిగిన మామూలు సంవత్సరం రూపాయికి ఆ గీత మీద కొంచెమే ఇవ్వాలి. సికింద్రాబాద్ పాట్ మార్కెట్ వెండి దుకాణాల్లో పాత రూపాయలను తూకానికి కొంటారు. మీరు అమ్మేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోండి, అరుదైనదాన్ని తరుగు తీసి కరిగించేవాళ్ల చేతిలో పెట్టకండి.

అన్నింటికంటే చౌక దారి చుట్టాలు. లండన్ నుంచో, మెల్‌బోర్న్ నుంచో, టొరంటో నుంచో వచ్చే ప్రతి బావనూ, వదిననూ జేబులో మిగిలిన చిల్లర తెమ్మని అడగండి. 2008 నుంచి వచ్చిన బ్రిటన్ చిల్లరలో 1, 2, 5, 10, 20, 50 పెన్స్ నాణేలు సరిగ్గా పేర్చితే రాజచిహ్నం డాలు మొత్తం తయారవుతుంది. చార్లెస్ చిల్లరలో ఉడుత, పఫిన్ పక్షి, సాల్మన్ చేప, పౌండు మీద తేనెటీగలు. లండన్‌లోని క్యూ గార్డెన్స్ తోట పేరిట 2009లో వచ్చిన 50 పెన్స్ 2,10,000 మాత్రమే ముద్రించారు. అది చిల్లరలో వచ్చిందంటే మీ వదినకు పట్టుచీర పెట్టొచ్చు.

8. కడగకండి, దాచండి

చింతపండు, బూడిద, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ ఏవీ వద్దు. ఇత్తడి బిందెను తోమినట్టు తోమితే నాణెం తళతళలాడుతుంది, విలువ సగానికి పైగా పోతుంది. నల్లబడిన వెండి మీది ఆ పొరనే కొనేవాళ్లు ఇష్టపడతారు. పసుపు కుంకుమ అంటి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దండి. ప్లాస్టిక్ జిగురు పట్టి ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయవచ్చు, పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి.

స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్ల ఆల్బమ్ కొనకండి. కొన్నేళ్లకు అది పచ్చటి జిగురు కారుస్తుంది, రాగిని తినేస్తుంది. మధ్యలో పారదర్శక పొర ఉన్న అట్ట హోల్డర్లు చాలు, మంచి నాణేలకు గట్టి క్యాప్సూళ్లు. వానాకాలం నాలుగు నెలలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చండి. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తండి.

9. పుస్తకం రాయండి, చట్టం తెలుసుకోండి

ప్రతి నాణేనికీ దేశం, విలువ, సంవత్సరం, టంకశాల, బరువు, ఎక్కడ కొన్నారు, ఎంతకు అన్నది రాసి పెట్టండి. ప్రపంచమంతా వాడే కేఎం నంబరు (క్రాస్-మిష్లర్ నాణేల జాబితాలోని సంఖ్య) కూడా రాస్తే ఏ డీలరుతోనైనా మాట కలుస్తుంది. ఆ నంబర్లు, ఫొటోలు నూమిస్టా సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ నోటుబుక్కు ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి.

పునాది తవ్వుతుంటేనో, పొలం దున్నుతుంటేనో నాణేలు దొరికితే అవి మీవి కావు. 1878 నిధుల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. అలా తవ్వి తీసినవని ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

1972 పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు నిండిన నాణెం పురావస్తువు. దేశంలో దాచుకోవచ్చు, కానీ విదేశాలకు పంపకూడదు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి విక్టోరియా రూపాయి కొరియర్ చేయడం, సూట్‌కేసులో వేసి పంపడం రెండూ నేరమే. పులి బొమ్మ ఉన్న 1947 నికెల్ రూపాయికి ఇంకా 100 ఏళ్లు నిండలేదు. అలాంటివి పంపేటప్పుడు కస్టమ్స్‌లో ఇబ్బంది పెడతారని టెన్షన్ ఉంటే, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం భారత పురావస్తు శాఖ దగ్గర ముందే తీసుకోండి.